జపాన్ వసంతపు వీడ్కోలు పాటలు: మీ ఎడబాటుకు సరిపోయేది ఏది?

"మంచి శాడ్ సకురా (చెర్రీ పూల) పాట ఒకటి చెప్పు" అని ఎవరైనా అడిగితే నాకు వెంటనే నోరు పెగలదు. జపాన్‌లో అలాంటి పాటలు వందల్లో ఉన్నాయి. అన్నింట్లోనూ పూరేకులు రాలుతుంటాయి, అన్నింట్లోనూ ఎవరో ఒకరు వెళ్ళిపోతుంటారు. యూట్యూబ్‌లో ప్లేలిస్ట్ పెట్టుకుని వింటే నాలుగో పాటకల్లా ఏది ఏదో తెలియకుండా పోతుంది. నేనూ అలాగే విన్నాను చాలాకాలం. తర్వాత ఒక చిన్న అలవాటు చేసుకున్నాక పాటలు వేటికవి విడివిడిగా వినపడ్డాయి. ఆ అలవాటు ఏమిటంటే, రైల్లో ఉన్నది ఎవరు, ప్లాట్‌ఫామ్ మీద మిగిలింది ఎవరు అని చూసుకోవడం.

ఈ ఎంపిక సలహా అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అసలు వసంతానికీ వీడ్కోలుకీ ఏమిటి సంబంధం

మనకు వసంతం అంటే ఉగాది, మావిచిగురు, కోయిల. మన కవిత్వంలో వసంతానికి విరహం ఉంది కానీ అది మనిషి వస్తాడని ఎదురుచూసే విరహం. జపాన్‌లో వసంతం అంటే అట్టపెట్టెలు సర్దుకునే కాలం. అక్కడ స్కూళ్ళు, కాలేజీలు, ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అన్నీ ఏప్రిల్ 1న మొదలవుతాయి. కాబట్టి గ్రాడ్యుయేషన్లు మార్చిలో. ఆఫీసుల్లో బదిలీ ఆర్డర్లు వచ్చేదీ ఎక్కువగా మార్చిలోనే. ఊరు వదిలి టోక్యోకి వెళ్ళడానికి "జోక్యో" అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. ఆ ప్రయాణాలూ అప్పుడే.

టోక్యోలో సకురా మార్చి నెలాఖరులో విచ్చుకుంటుంది. వారానికి పూర్తిగా పూస్తుంది, ఇంకో వారానికి రాలిపోతుంది. మనుషులు విడిపోవడం, పూలు పూయడం, రాలడం అన్నీ ఒకే నెల రోజుల్లో జరిగిపోతాయి. ఇంక పాట పుట్టకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ మూడు మాటలు కలగాపులగం అవుతుంటాయి. "సొత్సుగ్యో సాంగ్" అంటే గ్రాడ్యుయేషన్ పాట. "సకురా సాంగ్" అంటే సకురా పూల పాట. "షిత్సురెన్ సాంగ్" అంటే ప్రేమ విఫలమైన పాట. ఒక పాట రెండు మూడు గూళ్ళలోనూ పడొచ్చు, ఒక్కదాంట్లోనే ఉండొచ్చు. రెమియోరోమెన్ అనే బ్యాండ్ 2004లో తెచ్చిన "సాన్‌గత్సు కోకొనోకా" (మార్చి 9) చూడండి. ప్రతి వసంతపు వీడ్కోలు లిస్టులోనూ ఉంటుంది. నిజానికి అది ఒక స్నేహితుడి పెళ్ళి కోసం కట్టిన పాట. 2005లో ఒక టీవీ డ్రామాలో స్కూలు పిల్లలు కోరస్‌గా పాడాక గ్రాడ్యుయేషన్ పాట అయి కూర్చుంది. గుండె పగిలి ఉన్న మనిషి చేతిలో దీన్ని పెడితే పాపం, పెళ్ళి పాట వింటూ ఏడవాలి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది చెప్పేశాను: వెళ్ళేది ఎవరు, ఉండిపోయేది ఎవరు, పాట పాడేది వాళ్ళలో ఎవరు. వదిలేసి వెళ్ళిన వాడికి, వదిలేయబడ్డ వాడికి ఒకే పాట పనికిరాదు.

రెండోది, వసంతంలో ఏ ఘడియ. మంచు ఇంకా పడుతున్న మార్చి మొదట్లోనా, మొదటి ఈదురుగాలి రోజునా, పూలు నిండుగా ఉన్నప్పుడా, రాలిపోయాకా? జపనీస్ పాటల్లో వాతావరణం అలంకారం కోసం పెట్టింది కాదు, బంధం ఏ దశలో ఉందో అదే చెబుతుంది.

మూడోది, ఏడిపించే పాట కావాలా, తేలిక చేసే పాట కావాలా. ఇందులో మొహమాటం వద్దు. కొన్ని రోజులు ఏడవడమే పని.

భాష, పాడుకోవడానికి వీలు అనేవి నాలుగో సంగతి. జపనీస్ నేర్చుకుంటున్నవాళ్ళు, కరావొకెకి (రికార్డు సంగీతంతో కలిసి పాడే చోటికి) వెళ్ళేవాళ్ళు పట్టించుకుంటే చాలు.

ప్లాట్‌ఫామ్ మీద మిగిలినవాళ్ళకి: నగోరి యుకి

ఒక్క పాటే వినే ఓపిక ఉంటే ఇది వినండి. "నగోరి యుకి" అంటే వెళ్ళడానికి మనసొప్పక మిగిలిన మంచు, అంటే చలికాలం అయిపోయాక వసంతంలో పడే మంచు. ఇసె షోజో రాసి బాణీ కట్టాడు. 1974లో కగుయాహిమె బృందం ఆల్బమ్‌లో మొదట వచ్చింది. 1975 చివర్లో ఇరుకా అనే గాయని పాడి సింగిల్‌గా తెచ్చాక దేశమంతా పాకింది. అబ్బాయి మాటలను అమ్మాయి గొంతులో వినడం వల్లేనేమో, ఎవరు విన్నా తమ పాటే అనిపిస్తుంది.

జరిగేది చాలా చిన్న సంగతి. టోక్యోలో రైలు కోసం ఎదురుచూస్తున్నారు ఇద్దరూ. ఆమె వెళ్ళిపోతోంది. అతను మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. కాలం కాని కాలంలో మంచు పడుతోంది. టోక్యోలో తను చూసే ఆఖరి మంచు ఇదే అంటుంది ఆమె. రైలు కదిలేటప్పుడు కిటికీకి ముఖం ఆనించి ఆమె ఏదో అనబోతుంది. ఆ పెదవులు "సయొనరా" అంటాయేమోనన్న భయంతో అతను తల దించుకుంటాడు. అంతే. రైలు వెళ్ళిపోయాక కూడా ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, పడి కరిగిపోతున్న మంచును చూస్తూ ఉంటాడు.

ప్రేమించానని ఎక్కడా చెప్పడు. వసంతం వచ్చింది, నువ్వు పోయినేటి కంటే చాలా అందంగా అయ్యావు అని మాత్రం అంటాడు. ఆ ఒక్క మాటలోనే ఉంది దెబ్బంతా. కాలం ఆ పిల్లను పెద్దదాన్ని చేస్తోందని, తను మాత్రం గమనించలేదని అతనికి స్టేషన్‌కి వచ్చాకగానీ తెలియలేదు.

ఎవరికి పనికొస్తుంది: చెప్పాల్సింది చెప్పకుండానే పోగొట్టుకున్నవాళ్ళకి. గొడవపడి విడిపోయినవాళ్ళకి ఇది సరిపడదు. ఇందులో కోపం ఆవగింజంత కూడా లేదు. భాష తేలిక, నడక నెమ్మది. జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటినవాళ్ళకి చాలా వరకు అర్థమవుతుంది.

ఇదే మనిషి రాసిన ఇంకో పాట దీని పక్కన పెట్టి వినాలి. అది "22 ఏళ్ళ ఎడబాటు" (నిజూనిసాయ్ నో వకరే), అంటే ఇరవై రెండేళ్ళ వయసులో విడిపోవడం. 1975 ఫిబ్రవరిలో కజె అనే ఇద్దరి బృందం పాడింది. ఇక్కడ మాట్లాడేది అమ్మాయి. అతనికి తెలియని చోటికి, వేరే వాడిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతోంది. సయొనరా చెప్పగలిగేది ఈరోజే, రేపు నీ చెయ్యి తగిలితే ఇంక చెప్పలేను అంటుంది. పుట్టినరోజుకి 22 కొవ్వొత్తులు పెట్టి, పదిహేడోదాని దగ్గర్నుంచి ఇద్దరూ కలిసి వెలిగించిన సంగతి గుర్తు చేసుకుంటుంది. లెక్క వేసుకోండి, ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళనూ ఆమె "మరీ పొడుగైపోయిన వసంతం" అంటుంది. జపనీస్‌లో ఆ మాట ఒక నానుడి. పెళ్ళిదాకా రాకుండా ఏళ్ళ తరబడి సాగిన ప్రేమను అలా అంటారు. కాలేజీలో మొదలై "ఇంట్లో ఒప్పుకోలేదు"తో ముగిసిన ప్రేమలు మన ఊళ్ళలోనూ తక్కువేమీ కాదు కాబట్టి, దీని గురించి ఇంతకంటే వివరించక్కర్లేదు.

రెండింట్లో ఏది? మీరు నోరు తెరవలేకపోయినవాళ్ళయితే మొదటిది. మీరే వదిలి వెళ్ళి, వదిలినందుకు మిమ్మల్ని మీరు క్షమించుకోలేకపోతుంటే రెండోది. రెండోది రాత్రిపూట వినొద్దని నా సలహా.

ఉత్తరాలు నడిచే పాటలు

దూరం వల్ల చెడిన బంధాలకు రెండు పాటలున్నాయి. వీటి మధ్య ముప్పై ఏళ్ళ తేడా.

1975 డిసెంబర్‌లో ఒతా హిరోమి పాడిన "మొమెన్ నో హాంకచీఫు" (నూలు చేతిరుమాలు) మొదటిది. మత్సుమొతో తకాషి రాశాడు, త్సుత్సుమి క్యోహేయ్ బాణీ. నాలుగు చరణాలు. ప్రతి చరణంలోనూ సగం పట్నం వెళ్ళిన అబ్బాయి మాట, సగం ఊళ్ళో ఉన్న అమ్మాయి జవాబు. అతను తూర్పుకు వెళ్ళే రైలెక్కుతాడు, నీకు కానుక పంపుతా అంటాడు. పట్నం రంగు పూసుకోకుండా వచ్చెయ్ చాలు అంటుంది. తర్వాత అతను ఫ్యాషన్ ఉంగరం పంపుతాడు, సూటు వేసుకున్న ఫొటో పంపుతాడు. ఆమెకు గడ్డి మీద పడుకునే పాత మనిషే ఇష్టం. ఆఖరికి రోజులు సరదాగా గడిచిపోతున్నాయి, నేను తిరిగి రాలేను అని రాస్తాడు. అప్పుడు ఆమె మొదటిసారి ఒక కానుక అడుగుతుంది: కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఒక నూలు చేతిరుమాలు.

తమాషా ఏమిటంటే బాణీ మాత్రం హుషారుగా, చిటికెలు వేసేలా సాగుతుంది. అర్థం తెలియకుండా వింటే పిక్నిక్ పాట అనుకుంటారు. ఇందులో పూలూ లేవు, సకురా అన్న మాటా లేదు. కానీ జోక్యో కథ కాబట్టి వసంతపు లిస్టులో పెట్టడంలో నాకేమీ అభ్యంతరం లేదు. విమానమెక్కి వెళ్ళిన వాడి నుంచి వారానికో వీడియో కాల్, తర్వాత నెలకొకటి, తర్వాత స్టేటస్‌లో ఫొటోలు మాత్రమే అయిన అనుభవం ఉన్నవాళ్ళు ఇది వింటే చాలు.

రెండోది ఇకిమోనో గకరి తొలి పాట "సకురా", 2006 మార్చి 15న వచ్చింది. ఈ బృందం కనగావాలోని అత్సుగి, ఎబినా ఊళ్ళది. పాటలో ఒదక్యు లైను రైలు కిటికీ అని పేరుపెట్టి మరీ వస్తుంది, ఆ ఊళ్ళ మీదుగా వెళ్ళే లైనే అది. గ్రాడ్యుయేషన్ అయ్యాక అతను ఊరు విడిచాడు. ఆమె అదే రైల్లో, అదే వంతెన మీదుగా తిరుగుతోంది. ఈ ఏడాదీ కిటికీలో సకురా కనబడింది. ఉత్తరం రాయడం మొదలుపెట్టి "నేను బాగానే ఉన్నాను" అని రాసి ఆగిపోయింది. ఈ చిన్న అబద్ధం అతనికి తెలిసిపోతుందని ఆమెకు తెలుసు.

వెళ్ళినవాళ్ళకు కొత్త ఊరు దొరుకుతుంది. మిగిలినవాళ్ళకు పాత ఊరే, ఒక మనిషి తగ్గి. ఈ పాట చెప్పేది రెండో రకం బాధ. పాడటానికి మాత్రం తేలిక కాదు. పల్లవి పైస్థాయిలో మొదలవుతుంది, మగవాళ్ళు శ్రుతి బాగా దించుకోవాలి.

గ్రాడ్యుయేషన్ పేరుతో ప్రేమ పాటలు

అక్కడి అబ్బాయిల పాతకాలపు స్కూలు యూనిఫాం నల్ల కోటు, నిలువు కాలరు, ఇత్తడి రంగు గుండీలు. గ్రాడ్యుయేషన్ రోజు అమ్మాయి తనకు ఇష్టమైన అబ్బాయిని పైనుంచి రెండో గుండీ అడగడం ఒక ఆనవాయితీ. గుండెకు దగ్గరగా ఉండేది అదే కాబట్టి అని చెబుతారు.

ఇది తెలిస్తేనే 1983 జనవరిలో కషివబారా యోషియె పాడిన "హరు నానోని" (వసంతమే అయినా) మొత్తం అర్థమవుతుంది. నకజిమా మియుకి రాసి బాణీ కట్టిన పాట. ఇంక కలవలేం కదా అని అబ్బాయి చెయ్యి చాపుతాడు, స్నేహితుడితో కరచాలనం చేసినట్టు. గ్రాడ్యుయేషన్ ఒక్కటేనా కారణం అని ఆమెకు లోపల అనుమానం. గుర్తుగా ఒక గుండీ ఇవ్వమని అడుగుతుంది. దాచుకోవడానికి అనుకుంటాం. కాదు, నీలాకాశంలోకి విసిరేయడానికట.

అందరూ దాచుకునే వస్తువును విసిరేయడానికి అడగడం చూడండి. ఆమెది బేలతనం అనుకున్నవాళ్ళు మళ్ళీ ఒకసారి వినాలి. "నీకు నేను అంత ముఖ్యం కాదని నాకు తెలుసు" అని తెలిసి విడిపోయినవాళ్ళకి ఇంతకంటే దగ్గరి పాట ఈ లిస్టులో లేదు.

"సొత్సుగ్యో షషిన్" (గ్రాడ్యుయేషన్ ఫొటో) దీనికి పూర్తిగా వేరు. అరాయి యుమి రాసింది, అంటే తర్వాత మత్సుతోయా యుమిగా అందరికీ తెలిసిన యూమిన్. 1975లో హై-ఫై సెట్ అనే బృందం మొదట పాడింది, అదే ఏడాది ఆమె తన ఆల్బమ్‌లోనూ పాడుకుంది. ఏడుపు రాదు, గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది. తోలు అట్ట ఉన్న ఆల్బమ్ తెరిస్తే అతని మొహం. ఒకరోజు వీధిలో నిజంగానే కనపడ్డాడు. ఫొటోలో ఉన్నట్టే ఉన్నాడు కాబట్టి పలకరించలేకపోయింది. మారిపోయింది తనే. అప్పట్లో నడిచి వెళ్ళిన విల్లో చెట్ల దారి ఇప్పుడు రైల్లోంచి చూసేది మాత్రమే. జనంలో కొట్టుకుపోయి మారిపోతున్న నన్ను దూరం నుంచే అప్పుడప్పుడు తిట్టు అని అడుగుతుంది. ముప్పై దాటాక వినే పాట ఇది. ఇరవైల్లో వింటే బాగుంది అనిపిస్తుంది అంతే.

ఇక "ఒకురు కొతోబా" (నీకిచ్చే మాటలు) గురించి నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. కైఎన్‌తాయ్ బృందం 1979 నవంబర్‌లో తెచ్చింది. తకెదా తెత్సుయా టీచరుగా నటించిన ఒక స్కూలు డ్రామాకు టైటిల్ సాంగ్ కావడంతో గ్రాడ్యుయేషన్ పాటగా స్థిరపడిపోయింది. కొన్నేళ్ళ కిందట మా ఆఫీసులో పనిచేసి మార్చి నెలాఖరున జపాన్ తిరిగి వెళ్ళిపోతున్న ఒక పెద్దాయనకు పార్టీ ఇచ్చాం. గ్రాడ్యుయేషన్ పాట కదా, వీడ్కోలుకి బాగుంటుందని నేను రెండు వారాలు ప్రాక్టీసు చేసి పాడాను. ఆయన మొదట కళ్ళు తుడుచుకున్నారు. చివరి చరణానికి వచ్చేసరికి మొహానికి రుమాలు అడ్డుపెట్టుకుని నవ్వుతున్నారు. ఆ చరణంలో ఉన్నది ఇది: ముందు ముందు నిన్ను ఎవరో ప్రేమిస్తారు, కానీ నా అంత గాఢంగా నిన్ను ప్రేమించినవాడు ఇంకెవడూ లేడు. తకెదా తనను ఒక అమ్మాయి కాదన్న బాధతో రాసుకున్న పాట అది! నేను దాన్ని మా సార్‌కి అంకితమిచ్చాను.

అయినా ఇప్పటికీ ఇది ఎవరికైనా ధైర్యంగా చెబుతాను. బాధను దిగమింగి నవ్వడం కంటే కన్నీళ్ళు ఇంకేదాకా ఏడవడం మేలు అనే భావం ఇందులో ఉంది. ఏడవడానికి అనుమతి కావాల్సిన మగపిల్లలకు ఇది మందు. పైగా అక్కడ దాదాపు అందరికీ తెలిసిన పాట, మీరు మొదలుపెడితే గదిలో సగం మంది అందుకుంటారు. పార్టీలో పాడేటప్పుడు చివరి చరణం గుర్తుంచుకోండి, అంతే.

ఏడవకుండా విడిపోవాలనుకుంటే

క్యాండీస్ ముగ్గురమ్మాయిలు 1978 ఫిబ్రవరిలో తెచ్చిన "హొహొయెమి గాయెషి" (చిరునవ్వుకు చిరునవ్వు). అకి యోకో రాసింది, హొగుచి యూసుకె బాణీ. ఒక జంట తాము కలిసి ఉన్న ఇల్లు ఖాళీ చేస్తోంది. తుడిచిన కిటికీ అద్దం దగ్గర "హరు ఇచిబాన్" వచ్చి దుమ్మును సుడులు తిప్పుతోంది. హరు ఇచిబాన్ అంటే చలికాలం వెళ్తూ వెళ్తూ దక్షిణం నుంచి వీచే తొలి బలమైన గాలి. అక్కడి వాతావరణ శాఖ దాన్ని అధికారికంగా ప్రకటిస్తుంది కూడా. క్యాండీస్‌కి 1976లో అదే పేరుతో ఒక హిట్ ఉంది. ఈ పాట నిండా అలా వాళ్ళ పాత పాటల పేర్లు పొదిగి ఉంటాయి.

ఎందుకంటే విడిపోతున్నది పాటలో జంట ఒక్కటే కాదు. క్యాండీస్ కూడా. మామూలు అమ్మాయిల్లా బతకాలని ఉంది అని 1977లో ప్రకటించి, 1978 ఏప్రిల్ 4న టోక్యో కొరాకుయెన్ స్టేడియంలో ఆఖరి కచేరీ చేసి ముగ్గురూ ఆగిపోయారు. ఈ పాట వాళ్ళకు ఒరికాన్ చార్ట్‌లో (జపాన్ పాటల అమ్మకాల పట్టికలో) మొదటి, ఒకే ఒక్క నంబర్ వన్. విడిపోవడం నవ్వొస్తోంది, అందుకే కళ్ళలో నీళ్ళొస్తున్నాయి అనే ధోరణి. ఇద్దరూ మంచివాళ్ళే, కుదరలేదు అనే రకం బ్రేకప్‌కి ఇదొక్కటే సరైన పాట అని నా అభిప్రాయం. కొత్త అద్దె ఇంటికి సామాను దించుతున్న రోజు వినండి.

సకురా పేరు ఉన్న పాటలు

వీటి గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే వీటిని మీరు ఎలాగూ వింటారు.

ఫుకుయామా మసహరు "సకురజకా" 2000 ఏప్రిల్‌లో వచ్చి 20 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ వాలు దారి టోక్యో ఒతా వార్డులో నిజంగానే ఉంది, నుమాబె స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. పాత ప్రేమను తలుచుకుని, నువ్వు ఎప్పుడూ సుఖంగా ఉండాలి అని గాలిలో పాడే మగగొంతు. స్థాయి కింద ఉంటుంది కాబట్టి పాట రానివాళ్ళకు కూడా నప్పుతుంది. కాకపోతే పాడే మనిషికి గాయం ఎప్పుడో మానిపోయింది. నిన్ననే విడిపోయినవాళ్ళకు ఆ పెద్దమనిషితనం చిరాకు తెప్పిస్తుంది.

మొరియామా నవొతారో "సకురా (దొకుషో)" 2003 మార్చిలో వచ్చింది. దొకుషో అంటే ఒంటరిగా పాడటం. పియానో, ఒక్క గొంతు, ఇంకేమీ ఉండదు. వెళ్ళేది ప్రేయసి కాదు, స్నేహితుడు. సకురా చెట్ల దారిలో మళ్ళీ కలుద్దాం అని మాట ఇచ్చుకుంటారు. హాస్టల్ రూమ్మేట్ వెళ్ళిపోతుంటే ఇదే. పాడాలనుకుంటే మాత్రం జాగ్రత్త, గొంతు దొంగస్వరంలోకి ఎక్కాల్సిన చోట్లు ఉన్నాయి.

నకషిమా మికా "సకురైరో మావు కోరో" (2005) వసంతంలో మొదలై ఏడాది చుట్టి మళ్ళీ వసంతానికి వస్తుంది, ఈసారి ఒంటరిగా. నెమ్మదిగా, బరువుగా ఉంటుంది. దీని మీద నాకు పెద్ద మమకారం లేదు, అందంగా ఉంది అంతే.

అనిమె దారిలో వచ్చినవాళ్ళు "వన్ మోర్ టైమ్, వన్ మోర్ ఛాన్స్" అడుగుతారు. యమజాకి మసయోషి 1997 పాట, దర్శకుడు మకోతో షింకాయ్ 2007 అనిమె సినిమా "5 సెంటీమీటర్స్ పర్ సెకండ్" చివర్లో వస్తుంది. ఎదుటి ప్లాట్‌ఫామ్ మీద, సందులో కిటికీల్లో, ఉండదని తెలిసిన ప్రతిచోటా ఆమె కోసం వెతకడం. ఇందులో సకురగిచో అనే పేరు వినపడగానే పూలు అనుకోకండి, అది యొకొహామాలో ఒక స్టేషన్. నిజానికి ఇది వసంతపు పాట కాదు. ఆ సినిమాలో రాలే పూరేకుల వల్ల వసంతపు పాట అయింది. మర్చిపోలేక సతమతమవుతున్నవాళ్ళు దీనికి దూరంగా ఉంటేనే మంచిది. ఇది గాయాన్ని కెలుకుతుంది.

వెళ్ళినవాళ్ళు ఇంక తిరిగిరాని చోటికే వెళ్ళి ఉంటే, యొరుషికా బృందం 2021 పాట "హరు దొరోబో" (వసంతాన్ని దోచినవాడు) ఉంది. పూలంటే ఆయుష్షు, గాలంటే కాలం. రాసిన నబునా చెప్పిన పోలికే అది. వేగంగా, దాదాపు ఉత్సాహంగా సాగుతుంది. పూలు అయిపోతున్నకొద్దీ వినేవాళ్ళ గుండె వేగం పెరుగుతుంది.

ఒక్క చూపులో

| పాట | ఎవరి మాట | దూరమయ్యేది | వసంతంలో ఎప్పుడు | విన్నాక |
|---|---|---|---|---|
| నగోరి యుకి | మిగిలిన అబ్బాయి | అమ్మాయి | ఆఖరి మంచు | చెప్పని మాట గుర్తొస్తుంది |
| 22 ఏళ్ళ ఎడబాటు | వెళ్ళే అమ్మాయి | తనే | కాలం పేరు లేదు, ఐదేళ్ళ "వసంతం" | తప్పు చేసిన బరువు |
| మొమెన్ నో హాంకచీఫు | ఇద్దరూ | అబ్బాయి | జోక్యో ప్రయాణం | హుషారు బాణీ, ఆలస్యంగా దెబ్బ |
| సకురా (ఇకిమోనో గకరి) | మిగిలిన అమ్మాయి | అబ్బాయి | పూలు రాలుతూ | ఖాళీ ఊరు |
| హరు నానోని | అమ్మాయి | అబ్బాయి | గ్రాడ్యుయేషన్ రోజు | పొడిబారిన కళ్ళు |
| సొత్సుగ్యో షషిన్ | అమ్మాయి | ఎవరూ కాదు, కాలమే | ఎన్నో ఏళ్ళ తర్వాత | తన మీద తనకే సిగ్గు |
| ఒకురు కొతోబా | కాదనిపించుకున్న అబ్బాయి | అమ్మాయి | సాయంత్రం వేళ | ఏడ్చి తేలికపడటం |
| హొహొయెమి గాయెషి | అమ్మాయి | ఇద్దరూ | తొలి గాలి రోజు | నవ్వు |
| సకురా (దొకుషో) | మిగిలిన స్నేహితుడు | స్నేహితుడు | నిండుగా పూసి, రాలుతూ | మళ్ళీ కలుస్తామన్న ధీమా |

మీరు ఎవరో చెబితే

నిన్ననో మొన్ననో విడిపోయారా? "ఒకురు కొతోబా"తో మొదలుపెట్టండి, రెండు వారాలయ్యాక "హరు నానోని"కి రండి. "నగోరి యుకి" వచ్చే ఏడాదికి ఉంచండి. అది పచ్చి గాయానికి కాదు, మచ్చకు.

దూరదేశంలో ఉండి, ఊళ్ళో ఉన్న మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు "మొమెన్ నో హాంకచీఫు"లో అబ్బాయి లైన్లు శ్రద్ధగా వినండి. అందరం అమ్మాయి వైపే వింటాం. అతను మోసగాడేమీ కాదు, ఆఖరి ఉత్తరం ముందుదాకా ఏదో ఒకటి పంపుతూనే ఉంటాడు. ఆమె అడిగిందే పంపడు.

ఆఫీసులో, కాలేజీలో ఫేర్‌వెల్‌కి వాడుకోవాలంటే ప్రేమ పాటలన్నీ పక్కన పెట్టి "సకురా (దొకుషో)" గానీ, "తబిదాచి నో హి ని" గానీ తీసుకోండి. రెండోది సైతమా రాష్ట్రం చిచిబులోని కగెమొరి మిడిల్ స్కూల్లో 1991లో పుట్టింది. హెడ్మాస్టరు మాటలు రాస్తే, సంగీతం టీచరు బాణీ కట్టింది, వెళ్ళిపోయే పిల్లలకు కానుకగా. ఇప్పుడు దేశమంతా గ్రాడ్యుయేషన్లలో అదే పాడుతున్నారు. కోరస్ పాట కాబట్టి ఒక్కడే పాడితే తేలిపోతుంది, పదిమంది ఉండాలి.

జపనీస్ నేర్చుకుంటున్నవాళ్ళకు నా వరుస ఇది: ముందు "నగోరి యుకి", తర్వాత "సొత్సుగ్యో షషిన్", తర్వాత "మొమెన్ నో హాంకచీఫు". మూడోదాంట్లో అబ్బాయి ఎక్కడ ఆగాడో, అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టిందో మాట తీరును బట్టి పట్టుకోవడమే మంచి పాఠం. యూమిన్ 1994 పాట "హరు యో, కొయి" (వసంతమా, రా) మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. అది పాత గ్రాంథికం కలిసిన భాష, మన భావకవిత్వంలా ఉంటుంది. అందంగా ఉంది కదా అని దాంతో మొదలుపెట్టి, ఆ మాటలే ఇజకాయాలో (జపనీస్ మందు హోటల్లో) వాడి నవ్వులపాలైన కుర్రాళ్ళను చూశాను.

ఇప్పటికీ తేలకపోతే "నగోరి యుకి" దగ్గరికే వెళ్ళండి. ఇసె షోజో సొంతూరు దక్షిణాన క్యుషు దీవిలోని ఒయితా రాష్ట్రం త్సుకుమి. సముద్రం ఒడ్డున నారింజ తోటలు, సున్నపురాయి కొండలు ఉన్న ఊరు, మంచు పడటమే అరుదు. ఆ చిన్న స్టేషన్‌లోకి రైలు వస్తుంటే ఇప్పుడు ఆ పాట బాణీయే మోగుతుంది. పాటలో ఆ అమ్మాయి ఎక్కిన రైలు ఏ ఊరికి వెళ్ళిందో చెప్పలేదు. కానీ ఆ స్టేషన్‌లో బాణీ వినేది వెళ్ళేవాళ్ళు మాత్రమే కాదు, పెట్టె పట్టుకుని దిగేవాళ్ళు కూడా.